నలభైతొమ్మిదవ యేట ఆగిన కథ

కాసనోవా అన్నది నేడొక మనిషి పేరుగా మిగలలేదు. అనేక భాషలలో అది జాతివాచకమై పోయింది. స్త్రీలోలుడెవడు కనిపించినా లోకం ఆ పేరే పెట్టి పిలుస్తుంది. ఆ పేరుకు అసలు హక్కుదారు, 1725లో వెనిస్ నగరాన నటీనటుల ఇంట పుట్టిన జియాకొమో కాసనోవా, తన కడపటి పదమూడేళ్ళనూ బొహీమియాలోని డుక్స్ అనే చిన్న ఊరిలో, కౌంట్ వాల్డ్‌స్టయిన్ కోటలో గ్రంథపాలకుడుగా గడిపినాడు. 1785లో కొలువున చేరేనాటికి అతనికి అరవై ఏళ్ళు. జీతం సంవత్సరానికి వేయి ఫ్లోరిన్లు. చుట్టూ వినిపించే జర్మన్, చెక్ మాటలు అతనికి పరాయివి.

ఆనాటి అతని వాలకాన్ని కౌంటు బంధువు ద లిన్య ప్రభువు వ్రాసిపెట్టినాడు. వృద్ధుడు దశాబ్దాల కిందట నేర్చిన పద్ధతిలో వంగి నమస్కరిస్తే జనం నవ్వేవారట. తెల్ల ఈక కుచ్చు, జరీపని చేసిన పట్టు అంగీ, నల్ల మఖ్మలు కోటు ధరించి వస్తే నవ్వేవారట. విందులో పాతకాలపు మిన్యుయెట్ నాట్యం చేసినా నవ్వేవారట. కాఫీ గురించి, సూపు వేడి గురించి, వంటవాడు చెడగొట్టిన జొన్నసంకటి వంటి పొలెంటా గురించి అతడు నిత్యం తగవు పడేవాడు. కోట పెత్తనదారుతో వైరం ఎంత ముదిరిందంటే, పుస్తకంలోని కాసనోవా చిత్తరువును చించి మరుగుదొడ్డి గోడకు అంటించినారు. నాటకం ముగిసి ప్రేక్షకులు లేచిపోయినా వేషం తీయలేని నటుని దురవస్థ అది.

పతనం డుక్స్‌లో మొదలయినది కాదు. 1763లో, ముప్పైయెనిమిదేళ్ళ వయసున, లండనులో షార్పియ్యోఁ అనే పడుచు అతని డబ్బు తీసుకొని, ఆశ చూపి, అందకుండా ఆడించింది. జేబులలో సీసపు గుండ్లు నింపుకొని థేమ్సు నదిలో పడి చావబోయిన అతనిని వెస్ట్‌మినిస్టర్ వంతెనపై ఒక మిత్రుడు ఎదురై ఆపినాడు. తన మరణం ఆ దినాననే ఆరంభమయినదని కాసనోవాయే ఒప్పుకొన్నాడు. ఆపైన తీర్చుకొన్న పగ మాత్రం చిత్రమయినది: ఒక చిలుకను కొని, ఆమెను తిట్టే వాక్యం నేర్పి, వర్తకులు గుమికూడే చోట అమ్మకానికి పెట్టించినాడు. మన శుకసప్తతిలోని చిలుక ఇట్టి పనికి ఒప్పుకొని ఉండదు.

డుక్స్‌లో అతనికి దక్కిన ఉపాయం కలం. తాను రోజుకు పదమూడు గంటలు వ్రాస్తున్నానని, అవి పదమూడు నిమిషాలవలె గడుస్తున్నవని ఒక లేఖలో చెప్పినాడు. ఫ్రెంచిలో వ్రాసిన ఆ స్వీయచరిత్ర సుమారు 3,700 పుటలు. వ్రాతప్రతి శీర్షిక 1797 వరకూ చెబుతానంటుంది. కథ మాత్రం 1774లో ఆగిపోతుంది. అప్పటికతనికి నలభైతొమ్మిదేళ్ళు. యాభై దాటిన తరువాత చెప్పదగినది దుఃఖమే గనుక అక్కడ నిలిపివేయదలచినట్లు మిత్రులకు తెలిపినాడు.

ఆ మౌనంలో మునిగినది అతని ముసలితనం ఒక్కటే కాదు. 1774లో వెనిస్‌కు తిరిగివచ్చి, ప్రభుత్వ విచారణాధికారులకు జీతం తీసుకొని వేగులు వ్రాసినాడు. అతనితో కాపురముండిన ఫ్రాంచెస్కా బుస్కీనీ అనే కుట్టుపని స్త్రీని, ఒక వ్యంగ్యరచన మూలాన 1783లో ఊరు విడిచినప్పుడు, వెనుక వదలిపోయినాడు. ఇంటి అద్దె గురించి, లేమి గురించి ఆమె వ్రాసిన ఉత్తరాలు అతని కాగితాలలో దొరికినవి. బృహద్గ్రంథంలో ఆమె కథకు చోటు లేదు. ప్రాభవకాలపు స్త్రీలైనా అతని నోటనే మాట్లాడుతారు. 1765లో రష్యాలో నూరు రూబుళ్ళకు కొన్న పల్లెపిల్లను గూర్చి అతడు సంకోచం లేకుండా వ్రాసినాడు. ఆ పిల్ల ఏమనుకొన్నదో వినే భాగ్యం మనకు లేదు. దానిని శృంగారమని పిలువడం నేటి పాఠకునికి సాధ్యం కాదు.

1797లో సెసిల్ ఫాన్ రోగెండార్ఫ్ అనే యువతితో వృద్ధునికి ఉత్తరాల స్నేహం కుదిరింది. వారిరువురూ ఎన్నడూ ముఖాముఖి కలిసినవారు కారు. ఆమె కోసం, నవంబరు 17వ తేదీన, కొద్ది పుటలలో తన జీవితాన్ని సంగ్రహించి పంపినాడు. మహాగ్రంథం దాటలేని 1774ను ఈ చిన్న కాగితం దాటింది. బెర్లినుకు పోతున్న తనను కౌంటు దారిలో ఆపి డుక్స్‌కు తెచ్చినాడనీ, నాటినుండి అక్కడే ఉన్నాననీ, చూడబోతే అక్కడే మరణిస్తాననీ అందులో తెలిపినాడు. 1798 జూన్ 4న ఆ మాట నిజమయింది.