పట్టా చేతికి రావాలంటే కోర్టు మెట్లెక్కాల్సిందే
* న్యాయవిద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి
* మూడేళ్ల కోర్సుకు 12 వారాలు.. అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు
* చేరువలోని న్యాయస్థానంలోనూ చేయవచ్చు

లాసెట్ రాసి న్యాయకళాశాలల్లో చేరుతున్న గ్రామీణ విద్యార్థుల్లో పలువురికి ఇంటర్న్‌షిప్ అనగానే మహానగరాల్లోని పెద్ద న్యాయసంస్థలే గుర్తుకొస్తాయి. అక్కడ తెలిసినవారు లేక, వసతి ఖర్చు భరించలేక చివరి సెమిస్టరు వరకూ కాలం వెళ్లబుచ్చడం, ఆఖరున ఎవరో ఒక న్యాయవాది సంతకంతో ధ్రువపత్రం సంపాదించి కళాశాలలో సమర్పించడం కద్దు. దీనివల్ల నష్టపోయేది ఆ విద్యార్థి ఒక్కడే కాదు. రేపు అతడిని నమ్మి వకాల్తాపై సంతకం చేసే కక్షిదారు కూడా. నిబంధనలను ఒకసారి పరిశీలిస్తే ఇంటర్న్‌షిప్‌కు నగరానికే వెళ్లనవసరం లేదని తెలుస్తుంది.

నిబంధనల్లో ఏముంది?
భారత బార్ కౌన్సిల్ 2008లో రూపొందించిన న్యాయవిద్య నిబంధనల్లోని 25వ నిబంధన ప్రకారం మూడేళ్ల కోర్సు విద్యార్థి కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సు విద్యార్థి కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. ఏ సంవత్సరంలోనూ వరుసగా 4 వారాలకు మించి చేయరాదు. అంటే ఏడాదికి 4 వారాల చొప్పున లెక్క సరిపోతుంది. మొత్తం భారాన్ని ఆఖరి ఏడాదికి నెట్టి ఒకే విడతలో ముగించేందుకు వీల్లేదు.

న్యాయవాదులు, న్యాయమూర్తులు, స్వచ్ఛంద సంస్థలు, చట్టసభలు, కంపెనీలు, స్థానిక సంస్థలు.. వీటిలో దేనివద్దనైనా చేయవచ్చు. అయితే కోర్సు ముగిసేలోగా విచారణ న్యాయస్థానాల్లోనూ, అప్పీళ్లు నడిపే న్యాయస్థానాల్లోనూ వాదించే న్యాయవాదుల వద్ద ఒక్కసారైనా పనిచేసి ఉండాలి. పదేళ్ల అనుభవం కలిగి, విద్యార్థులను చేర్చుకొనేందుకు ఇష్టపడే సీనియర్ న్యాయవాదుల జాబితాను రాష్ట్ర బార్ కౌన్సిల్ జిల్లాలవారీగా తయారుచేయాలని 26వ నిబంధన నిర్దేశిస్తోంది. జిల్లాలోనే నేర్చుకొనే వీలుండాలన్నదే దీని ఉద్దేశం.

మార్కులు ఇలా..
ఇంటర్న్‌షిప్ వట్టి హాజరు వ్యవహారం కాదు. నాలుగో క్లినికల్ పేపరులో మూట్ కోర్టుకు 30, ప్రత్యక్షంగా చూసిన విచారణలపై రాసే రికార్డుకు 30, కక్షిదారులతో న్యాయవాది జరిపే సంభాషణ, దావాకు ముందు సన్నాహాలపై రాసే డైరీకి 30, మౌఖిక పరీక్షకు 10 మార్కులు ఉంటాయి. విచారణల్లో ఒకటి సివిల్, మరొకటి క్రిమినల్ అయి ఉండాలి. సివిల్ దావా ఏళ్లతరబడి సాగుతుంది గనుక సాక్షుల విచారణ దశకు చేరిన కేసును ఎంచుకొంటే ముఖ్య విచారణ, క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు వరుసగా గమనించే వీలుంటుంది. వాయిదా తేదీలను ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

చిన్న కోర్టులో పెద్ద పాఠం
జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో తరచూ కనిపించే గట్టు తగాదానే తీసుకుందాం. రైతు చెప్పే గోడంతా విని, అందులో చట్టానికి పనికొచ్చే నాలుగు మాటలు ఏరడం మొదటి పాఠం. పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ, రిజిస్టరు దస్తావేజు, ఈసీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో సరిచూడటం రెండోది. దావాలో సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు పొరపాటు లేకుండా రాయడం మూడోది. ఒక్క అంకె తప్పినా, గెలిచిన తర్వాత డిక్రీ అమలులో చిక్కులు తప్పవు. కోర్టు ఫీజు లెక్క, ఫైలింగ్ అభ్యంతరాలు, సర్టిఫైడ్ నకలు తీసుకోవడం వంటివి సీనియర్ న్యాయవాది గుమాస్తా వద్దే బాగా తెలుస్తాయి.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అందువల్ల ఒకే క్రిమినల్ కోర్టులో రెండు చట్టాలూ పక్కపక్కనే నడుస్తున్న తీరును నేటి విద్యార్థి స్వయంగా చూడవచ్చు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మరో పాఠశాల. మహిళలు, బాలలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తదితరులకు 1987 నాటి చట్టం కింద ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఈ సంగతి తెలియనివారు పల్లెల్లో ఇంకా ఎందరో. అర్జీ రాసిపెట్టడం, 15100 ఉచిత ఫోన్ నంబరు గురించి చెప్పడం విద్యార్థి చేయగల పనులే. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు వాపసు వస్తుందని, ఆ అవార్డుపై అప్పీలు ఉండదని తెలిపితే కక్షిదారులకు ఎంతో మేలు.

హద్దులు తెలియాలి
ఎన్‌రోల్ అయిన న్యాయవాదికే వాదించే హక్కు ఉంటుంది. విద్యార్థి చూడవచ్చు, రాసుకోవచ్చు, ముసాయిదా తయారుచేయవచ్చు గాని కోర్టులో వాదించరాదు. తెల్ల చొక్కా, నల్ల టై, నల్ల కోటు ధరించవచ్చు. న్యాయవాదుల బ్యాండు, గౌను వేసుకోరాదు. కక్షిదారు చెప్పిన రహస్యం కార్యాలయం గడప దాటకూడదు. డైరీలో పేర్లు రాయకపోవడమే క్షేమం.

నిబంధనల్లో విద్యార్థికి భత్యం ప్రస్తావన లేదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సూచించిన నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు జూనియర్ న్యాయవాదులకు ఉద్దేశించినవి. భత్యం రాకపోయినా, ఇంటినుంచే బస్సులో వెళ్లివచ్చే కోర్టయితే వసతి ఖర్చు మిగులుతుంది.

ఇలా చేస్తే మేలు
మొదటి ఏడాదే ప్రారంభించాలి. కళాశాల నుంచి లేఖ తీసుకొని బార్ అసోసియేషన్‌నుగాని, న్యాయ సేవాధికార సంస్థనుగాని సంప్రదించాలి. వేసవిలో సివిల్ కోర్టులకు సెలవులు ఉంటాయి గనుక ముందుగా తేదీలు చూసుకోవాలి. డైరీ ఏరోజుకారోజు రాసి, మార్గదర్శక న్యాయవాదితోనూ, అధ్యాపకునితోనూ దిద్దించుకోవాలి. ధ్రువపత్రం కళాశాల ఫైలులో ఉండిపోతుంది. మొదటి కేసు చేపట్టిన నాడు అక్కరకొచ్చేది ఆ డైరీలో రాసుకొన్నదే.