తెల్లకోటు కనబడగానే…

మా మేనమామగారు నలభై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇన్‌స్పెక్టరు తరగతిలో అడుగు పెట్టినా తొణకని ఆయనకు, వైద్యుని గది ముందు బల్లమీద కూర్చోగానే అరచేతులు చెమర్చేవి. లోపలి నుంచి పేరు పిలిచేసరికి గుండె దడదడలాడేది. జబ్బకు పట్టీ చుట్టి చూస్తే రక్తపోటు 170/96. మరుసటి నెల 174. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయినాయి. ఒకనాడు తెల్లవారుజామున మంచం దిగి నిలబడబోయి, కళ్ళు తిరిగి గడప మీద పడిపోయారు. మణికట్టు విరిగింది. పొరుగింటి నర్సు పరుగున వచ్చి చూస్తే రక్తపోటు 98/60.

ఆ రెండు అంకెలలో ఆయన నిజమైన రక్తపోటు ఏది? యంత్రం రెండుసార్లూ ఉన్నదే చెప్పింది. మారినది యంత్రం కాదు, మనిషి ఉన్న చోటు. వైద్యశాస్త్రం దీనికి ‘తెల్లకోటు రక్తపోటు’ అని పేరు పెట్టింది.

పొలం గట్టున పాము కనబడితే శరీరంలో ఏమి జరుగుతుందో పరీక్ష గదిలోనూ అదే జరుగుతుంది. మెదడు హెచ్చరిక పంపుతుంది, అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది, గుండె వడి హెచ్చుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా పారిపోవటానికి సన్నాహం. వైద్యుని ఎదుట పారిపోవటానికి వీలులేదన్న సంగతి పాపం శరీరానికి తెలియదు! “నాకేమీ భయం లేదండీ” అని నవ్వుతూ చేయి చాపే వారిలో కూడా పాదరసం పైకి ఎగబ్రాకవచ్చు. కనుక దీనిని పిరికితనమని ఎగతాళి చేయటం అన్యాయం.

ఈ సంగతి కొత్తదీ కాదు. జబ్బకు పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనాన్ని 1896లో ఇటలీ వైద్యుడు షిపియోనె రివా-రోచి ప్రపంచానికి అందించాడు. రోగి మనఃస్థితిని బట్టి కొలత తాత్కాలికంగా మారుతుందని మొట్టమొదట గమనించిన వారిలో ఆయనే ఒకడు. 1940లో ఐమన్, గోల్డ్‌షైన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు తమ రోగులకు ఇంటి వద్ద రక్తపోటు కొలుచుకోవటం నేర్పి చూశారు. ఇంటి అంకెలు ఆసుపత్రి అంకెలకంటె తక్కువగా వచ్చాయి. అయినా వైద్యలోకం చాలాకాలం ఆసుపత్రి అంకెనే ప్రమాణంగా పట్టుకుని కూర్చుంది.

అందరినీ ఆలోచింపజేసిన ప్రయోగం 1983లో వెలువడింది. మిలాన్ నగరంలో జుసెప్పె మాన్‌చియా, ఆయన సహచరులు 48 మంది ధమనులలోనికి సన్నని గొట్టం పంపి, పట్టీతో పని లేకుండా, రక్తపోటు క్షణక్షణం దానంతటదే నమోదయ్యే ఏర్పాటు చేశారు. రోగి పడకమీద నెమ్మదిగా ఉంటాడు. గీత సమంగా సాగుతూ ఉంటుంది. అంతలో వైద్యుడు పడక దగ్గరకు వస్తాడు. వెంటనే గీత పైకి లేస్తుంది! తొలి నాలుగు నిమిషాలలోనే పై అంకె సగటున 27 మిల్లీమీటర్లు, క్రింది అంకె 15 మిల్లీమీటర్లు పెరిగాయి. నాడి నిమిషానికి 16 సార్లు అదనంగా కొట్టుకుంది. ఒకరిలో పెరుగుదల 4 మిల్లీమీటర్లయితే మరొకరిలో 75. వైద్యుని సందర్శన ముగిసే వేళకు గీత దాదాపు పూర్వస్థానానికి దిగివచ్చింది.

అంటే, వైద్యుడు వచ్చీరాగానే కొలిచి, కాగితం మీద వ్రాసి, పదిమంది రోగులు బయట వేచి ఉన్నారని మరొకరిని పిలిస్తే, ఆయన వ్రాసుకున్నది ఆ శిఖరాన్నే. అదే బృందం 1987లో మరొక సంగతి వెల్లడించింది: వైద్యునికి బదులు నర్సు వచ్చి కొలిస్తే పెరుగుదల దాదాపు సగమే.

మన దేశపు లెక్కలు కూడా ఉన్నాయి. డాక్టర్ ఉపేంద్ర కౌల్ ఆధ్వర్యాన 15 రాష్ట్రాలలో, రక్తపోటు మందులు వాడని 18,918 మందిని పరిశీలించిన అధ్యయనం 2020లో ప్రచురితమయింది. వారిలో సుమారు 24 శాతం మందికి తొలి సందర్శనలో తెల్లకోటు రక్తపోటు కనబడింది. అంతకంటె కలవరపెట్టేది రెండవ అంకె: సుమారు 18 శాతం మందికి వైద్యుని ఎదుట అంతా సవ్యంగా ఉండి, ఇంటి వద్ద రక్తపోటు హెచ్చుగా ఉంది. దీనిని ముసుగు రక్తపోటు అంటారు. తెల్లకోటు చేసే మోసం అనవసరపు మాత్ర మింగిస్తే, ముసుగు చేసే మోసం అవసరమైన మాత్రను దూరం చేస్తుంది. నా దృష్టిలో రెండవదే క్రూరమైనది. ఎందుకంటే ఆ మనిషి నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతాడు.

అయితే “నాది తెల్లకోటు వ్యవహారమే” అని ఎవరికి వారు తీర్పు చెప్పుకుని మాత్రలు మానేయటం ప్రమాదకరం. 27 పరిశోధనలను కలిపి పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం, మందులు వాడని తెల్లకోటు రక్తపోటు వారికి సామాన్యులకంటె గుండెజబ్బుల ముప్పు కొంత ఎక్కువే. కాబట్టి వారిని వైద్యులు కనిపెట్టి ఉండవలసిందే. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటి లక్షణాలతో రక్తపోటు 180/120 దాటితే అది భయం వల్లనా కాదా అని తర్కించే వేళ కాదు. తక్షణం ఆసుపత్రికి చేరాలి.

నిజం తెలుసుకునే మార్గాలు రెండు. నడుముకు కట్టుకున్న చిన్న యంత్రం పగలూ రాత్రీ దానంతటదే కొలుస్తూ పోవటం ఒకటి. దీనిలో ఇరవైనాలుగు గంటల సగటు 130/80కి లోపు ఉండాలి. ఇంటి వద్ద జబ్బ పట్టీ యంత్రంతో కొలుచుకోవటం రెండవది. ఇక్కడ హద్దు 135/85. ఆసుపత్రిలో పాటించే హద్దు 140/90 కంటె ఇది తక్కువన్నది మరువరాదు.

కొలుచుకోవటానికీ ఒక పద్ధతి ఉంది. ముందు అరగంట కాఫీ, టీ, పొగాకు ముట్టరాదు. మూత్రం ఆపుకుని కూర్చోరాదు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేటట్లు, కాలుమీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరక ఉండాలి. చేయి గుండె ఎత్తున బల్లమీద ఆనాలి. పట్టీ జబ్బ లావుకు తగినదై ఉండాలి. బిగుతైన చిన్న పట్టీ అంకెను అకారణంగా పెంచుతుంది. కొలిచేటప్పుడు మాట్లాడరాదు. మన ఇళ్ళలో అన్నిటికంటె కష్టమైన నియమం ఇదే! ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారంరోజులు వ్రాసి, మొదటిరోజు అంకెలు వదిలి మిగిలిన వాటి సగటు తీయాలి.

సగటు తీయటమంటే మా మామగారికి చెప్పాలా! చేతికి కట్టు ఉండగానే ఎడమచేత్తో గళ్ళు గీసి వారం లెక్క వేశారు. మూడు మాత్రలతో ఇంటి సగటు 112/68. ఆ పుస్తకం చూసిన వైద్యుడు నెలల తరబడి, ఒక్కొక్కటిగా, రెండు మాత్రలు తగ్గించాడు. ఇప్పుడు ఇంటి సగటు 128/76. ఆ గదిలో మాత్రం ఈనాటికీ 160 దాటుతూనే ఉంది. వైద్యుడు ఆ అంకెను చీటీమీద వ్రాసుకుని, “మాస్టారూ, పుస్తకం ఇలా ఇవ్వండి” అని చేయి చాపుతాడు.