ఇంటింటికీ తిరగని జనాభా లెక్క

2020 డిసెంబరు 12 నాటి ఒమన్ జనాభా లెక్క కోసం ఎన్యూమరేటర్లు గడప గడపా ఎక్కలేదు. ప్రభుత్వ శాఖల దగ్గర అప్పటికే ఉన్న కంప్యూటర్ రికార్డులను ఒకదానికొకటి జోడించి లెక్క తేల్చారు. 1993, 2003, 2010 సంవత్సరాల్లో ఇంటింటికీ తిరిగిన దేశం, నాలుగోసారి జాతీయ గణాంక సమాచార కేంద్రం ఆధ్వర్యంలో ఈ దారి పట్టింది. మొత్తం 44,71,148 మంది అని తేలింది. వారిలో ఒమన్ పౌరులు 27,31,456 మంది, విదేశీయులు 17,39,692 మంది. మస్కట్‌లో, సోహార్‌లో బతుకుతున్న తెలుగువాళ్లు ఈ రెండో అంకెలో ఉన్నారు. ఈ పద్ధతి ఒమన్‌తో మొదలైంది కాదు, డెన్మార్క్ 1981లోనే పూర్తిగా రికార్డులతో జనగణన చేసింది.

ఇలాంటి లెక్క బాగోగులన్నీ పట్టికలను కలపడంలోనే ఉంటాయి. వయసు, జాతీయత పౌర నమోదులో ఉంటాయి. ఉద్యోగం వివరం కార్మిక శాఖ దగ్గర, చదువు వివరం విద్యాశాఖ దగ్గర దొరుకుతాయి. ఏ ఒక్క పట్టికా మనిషిని పూర్తిగా చెప్పదు.

కలపడం రెండు రకాలు. ఒకే తరహా పట్టికలను ఒకదాని కింద ఒకటి పేర్చడం తేలిక. ఒమన్‌లోని 11 గవర్నరేట్లకు వేర్వేరు పట్టికలుంటే అలాగే పేర్చవచ్చు. నిలువు వరుసల పేర్లు ఒక్కటిగా ఉంటే చాలు.

పక్కపక్కన జోడించడమే కష్టం. ఈ వరుసలోని మనిషే ఆ వరుసలోనూ ఉన్నాడని చెప్పే గుర్తు కావాలి. దాన్నే ‘కీ’ అంటారు. పేరు కీగా పనికిరాదు. తెలుగువాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా మిగులుతుంది. ప్రామాణిక అరబిక్ లిపిలో ‘ప’కు అక్షరం లేదు కాబట్టి ప్రసాద్ అక్కడ ‘బ్రసాద్’ అవుతాడు. అందుకే రెసిడెంట్ కార్డు మీద ఉండే సివిల్ నంబరే దిక్కు. దాన్ని కూడా ఒక పట్టికలో అక్షరాలుగా, మరోదానిలో అంకెగా దాస్తే మొదట్లోని సున్నాలు రాలిపోయి జత కుదరదు.

జోడింపులో జరిగే పెద్ద నష్టం కంటికి కనిపించదు. నివాసుల పట్టికకు ఉద్యోగాల పట్టికను జోడిస్తున్నారనుకుందాం. పిల్లలకు, ఉద్యోగం చేయని గృహిణులకు రెండో పట్టికలో వరుసే ఉండదు. రెండింటిలోనూ ఉన్నవారినే ఉంచే ‘ఇన్నర్ జాయిన్’ వాడితే వాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు. గణాంకాలకు వాడే ఆర్ భాషలోని ‘మెర్జ్’, పైథాన్ భాషకు చెందిన పాండాస్ లైబ్రరీలోని ‘మెర్జ్’ ప్రత్యేకంగా చెప్పకపోతే ఈ పనే చేస్తాయి, హెచ్చరిక కూడా ఇవ్వవు. ‘లెఫ్ట్ జాయిన్’ మొదటి పట్టికలోని అందరినీ ఉంచి, జత దొరకనిచోట ఖాళీ వదులుతుంది. జనగణనకు తగినది ఇదే. అయితే ఖాళీ గడి ఉన్నంత మాత్రాన ఆ మనిషి నిరుద్యోగి అనుకోకూడదు, నంబరు తప్పుగా ఎక్కి ఉండవచ్చు.

దీనికి ఎదురు తప్పు మనుషులు పెరగడం. ఏడాదిలో కంపెనీ మారిన కార్మికుడికి ఉద్యోగాల పట్టికలో రెండు వరుసలుంటాయి. అలాగే జోడిస్తే ఒక్కడు ఇద్దరవుతాడు. ఒకే నంబరు ఒకవైపు 2సార్లు, మరోవైపు 3సార్లు ఉంటే 6 వరుసలు పుడతాయి. జనగణనకు ఒక నిర్ణీత తేదీ ఉండటం ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది. డిసెంబరు 12న ఉన్న ఉద్యోగాన్ని మాత్రమే ఉంచి, మనిషికి ఒక్క వరుస చేసుకున్నాకే జోడించాలి.

కాపలాకు సాధనాలున్నాయి. స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్ ప్రతి వరుసకూ అది ఏ పట్టిక నుంచి వచ్చిందో గుర్తు వేస్తుంది. పాండాస్‌లో ‘వ్యాలిడేట్’ అడిగితే నంబరు రెండుసార్లు వచ్చినచోట పని ఆపేస్తుంది. ‘యాంటీ జాయిన్’ జత దొరకనివారి జాబితా ఇస్తుంది. ముందుగా చదవాల్సింది ఆ జాబితానే. పట్టికలు కలిపే ప్రతివారూ కలపకముందు ఎన్ని వరుసలున్నాయో, కలిపాక ఎన్ని మిగిలాయో రాసి పెట్టుకోవాలి. తేడా ఎందుకొచ్చిందో తెలిసేదాకా ఫలితాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.