ఊరు పెంచిన జట్టు

క్రీడాచరిత్రలో విజేతల పేర్లు చిరకాలం నిలుస్తాయి. ఆ విజేతలను తీర్చిదిద్దిన చిన్న జట్లను మాత్రం లోకం అంతగా గుర్తుంచుకోదు. అట్టి జట్లలో అమెరికా దేశంలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన 'హెర్షీ బేర్స్' అనే ఐస్ హాకీ జట్టు ఒకటి.

ఐస్ హాకీ మంచుగడ్డ పరచిన మైదానం మీద ఆడే ఆట. గోలు రక్షకునితో కలిపి ఒక్కొక్క పక్షాన ఆరుగురు ఆటగాళ్ళు స్కేట్లు ధరించి, గట్టి రబ్బరు బిళ్ళను వంపు కర్రలతో కొడుతూ ఆడతారు. ఉత్తర అమెరికాలో ఈ క్రీడకు అత్యున్నత వేదిక నేషనల్ హాకీ లీగ్. దానికి ఒక మెట్టు దిగువన ఉన్నది అమెరికన్ హాకీ లీగ్. ఇక్కడ రాణించినవారిని పై శ్రేణి జట్లు పిలిపించుకొంటాయి. కనుక దిగువ శ్రేణి జట్టు పుట్టిల్లు వంటిది. పెంచి పంపడమే దాని ధర్మం.

మిల్టన్ హెర్షీ అనే పారిశ్రామికవేత్త 1905లో చాక్లెట్ కర్మాగారాన్ని ప్రారంభించి, దాని చుట్టూ ఒక పట్టణాన్ని నిర్మించాడు. 1909లో అనాథ బాలుర కోసం పాఠశాలను స్థాపించాడు. తన సంపదలో అధికభాగాన్ని 1918లో ఆ పాఠశాల ట్రస్టుకు ధారపోశాడు. నేటికీ జట్టు యాజమాన్య సంస్థ ఆ ట్రస్టు అధీనంలోనే ఉన్నది.

ఆర్థికమాంద్యం అమెరికాను కుదిపివేస్తున్న 1932లో ఈ జట్టు అవతరించింది. చాక్లెట్ బిళ్ళలను స్ఫురింపజేసేలా మొదట దానికి 'బార్స్' అని పేరు పెట్టారు. అది వ్యాపార ప్రకటనలా ఉన్నదన్న విమర్శ రాగా, 1936లో ఆంగ్ల లిపిలో ఒక్క అక్షరం చేర్చి 'బేర్స్', అనగా ఎలుగుబంట్లు, అని మార్చారు. ఆ ఏడాదే పలుచని కాంక్రీటు పైకప్పుతో విశాలమైన క్రీడాప్రాంగణం వెలసింది. 1938లో అమెరికన్ హాకీ లీగ్‌లో అడుగుపెట్టిన జట్టు నేటివరకు అందులోనే కొనసాగుతున్నది.

ఆ లీగ్ విజేతకు లభించే కాల్డర్ కప్పును బేర్స్ 1947లో తొలిసారి గెలుచుకొన్నది. 2024 నాటికి ఆ సంఖ్య 13కు చేరింది. 1940ల నుంచి ప్రతి దశాబ్దంలోను ఒక్కసారైనా కప్పు ఆ ఊరికి రావడం విశేషం. 2005 నుంచి ఈ జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు అనుబంధంగా ఉన్నది. ఇక్కడ ఆడిన బ్రేడెన్ హోల్ట్‌బీ, జాన్ కార్ల్‌సన్‌లు 2018లో క్యాపిటల్స్ సాధించిన స్టాన్లీ కప్పు విజయంలో ప్రముఖ పాత్ర వహించారు.

ఆటగాళ్ళు వస్తారు, ఎదుగుతారు, వెళ్ళిపోతారు. ప్రేక్షకులు మాత్రం జట్టును వీడలేదు. 2020 జనగణన నాటికి పట్టణ జనాభా సుమారు 14,000 మాత్రమే. అయినా పరిసర ప్రాంతాల వారితో కలిసి పదివేల ఆసనాల ప్రాంగణాన్ని నింపుతున్నారు. 2001 నుంచి ఏటా ఒక పోటీలో, సొంత జట్టు తొలి గోలు చేయగానే, ప్రేక్షకులు మెత్తని బొమ్మలను మైదానంలోకి విసురుతారు. వాటిని ధార్మిక సంస్థలకు అందజేస్తారు. 2025 జనవరిలో అలా చేరిన బొమ్మలు 1,02,343.

తాము పెంచినవారి కీర్తి వేరొక నగరానికి చెందుతుందని తెలిసి కూడా ఆ ఊరివారు ప్రతి కొత్త ఆటగాణ్ణి ఆదరిస్తూనే ఉన్నారు. తొమ్మిది దశాబ్దాలుగా ఆ జట్టుకు ఊపిరి ఆ ఆదరణే.