గుబురుకు మూలం కొనమొగ్గలో

గంజాయి మొక్క అనగానే చాలామందికి గుబురు పొదే మెదులుతుంది. నార కోసం వేసిన పొలంలో అదే మొక్కను చూస్తే పోల్చుకోవడం కష్టం. చదరపు మీటరుకు వంద మొక్కలు దాటి ఉంటాయి. అన్నీ మనిషిని మించిన ఎత్తు, కొమ్మలు మాత్రం పైనెక్కడో కాసిన్ని. గట్టు మీద విడిగా మొలిచినది మొదలు నుంచే పంగలు వేస్తుంది. విత్తనం ఒకటే, ఎడం వేరు.

వృక్షశాస్త్రం బోధించినన్నాళ్లూ నాకు బాగా ఇష్టమైన పాఠం ఇది. కొనమొగ్గ దగ్గర ఆక్సిన్ అనే హార్మోను పుట్టి కాండంలోంచి కిందికి దిగుతుంది. అది దిగుతున్నంతకాలం ఆకు పంగల్లోని మొగ్గలు విచ్చుకోవు. 1930లలో థైమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు బాకలా చిక్కుడు మొక్కల కొన కోసి, ఆ గాటుకు ఆక్సిన్ పెట్టి చూశారు. పక్కమొగ్గలు ఆగిపోయాయి. ఆక్సిన్ పెట్టనివాటిలో కొమ్మలు సాగాయి. స్ట్రిగోలాక్టోన్లు అనే మరో రకం హార్మోన్లు కూడా కొమ్మల్ని అణుస్తాయన్న సంగతి 2008లో గానీ బయటపడలేదు.

మరి ఎడం సంగతి మొక్కకెలా తెలుస్తుంది? పక్క మొక్క ఆకులు ఎర్రకాంతిని పీల్చుకుని, మన కంటికి దాదాపు ఆనని దూర ఎరుపు కాంతిని వెనక్కి కొడతాయి. ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ తేడా పసిగడుతుంది. నీడ పడకముందే పోటీ తెలిసిపోతుంది! ఇక కొమ్మలు మానేసి మొక్క ఎత్తుకే పోతుంది.

లిన్నేయస్ 1753లో గంజాయి మొక్కకు సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లామార్క్ మన దేశపు మొక్కకు కొమ్మలెక్కువని ఇండికా అనే వేరే జాతిగా రాశాడు. వంశలక్షణాల పాత్ర ఉన్నమాట నిజమే. కానీ గుబురంతా జాతి వల్లేనని తేల్చేయడం తప్పంటాను.

శ్రీకాకుళం, విజయనగరం గోగు రైతులకు ఈ ఎడం సంగతి కొత్త కాదు. నారకైతే ఒత్తుగా చల్లుతారు, కొమ్మ లేని కాండానికే పొడవాటి నార వస్తుంది. పెరటి గోంగూర మాత్రం పచ్చడికి చిగుళ్లు తుంచేకొద్దీ గుబురెక్కుతుంది. కంది తలలు తుంచమనేదీ ఇందుకే.

అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ల దాకా జైలు. నార కోసం, విత్తనాల కోసం ప్రభుత్వ అనుమతితో పెంచే వీలుంది, ఉత్తరాఖండ్‌లో అలా లైసెన్సులు ఇచ్చారు. గంజాయి జోలికి పోకుండా మీ పిల్లలకు ఈ పాఠం చూపించాలంటే రెండు గోంగూర మొక్కలు చాలు. ఒకదాని తల తుంచి, రెండోదాన్ని వదిలేసి, రెండు వారాలు గమనించమనండి.