హెచ్.264 వీడియో సంపీడన ప్రమాణం: పనితీరు, వినియోగం, పరిమితులు

వ్యాస సంగ్రహం
నేడు మనం చూసే డిజిటల్ వీడియోలో అధికభాగం ఏదో ఒక సంపీడన ప్రమాణం ద్వారా కుదించబడినదే. వాటిలో విస్తృతంగా వ్యాపించిన హెచ్.264 ప్రమాణం ఏ సూత్రాలపై పనిచేస్తుందో, ఎక్కడెక్కడ ఉపయోగపడుతుందో వివరించి, క్షేత్రపర్యటనలో దృశ్యసామగ్రిని సేకరించే పరిశోధకులు దాని పరిమితులను ఎందుకు గమనించాలో తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో సంపీడనం, హెచ్.264, చలన అంచనా, పరిమాణీకరణం, దృశ్యభద్రత.

1. ఉపోద్ఘాతం
వీడియో అనగా వేగంగా ఒకదాని వెంట ఒకటి చూపే నిశ్చలచిత్రాల వరుస. అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు గల ఒక చిత్రంలో మొత్తం 20,73,600 బిందువులుంటాయి. బిందువుకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 24 చిత్రాల చొప్పున లెక్కిస్తే సెకనుకు సుమారు 119 కోట్ల బిట్లు అవుతాయి. ఈ లెక్కన రెండున్నర గంటల చలనచిత్రానికి సుమారు 1.34 టెరాబైట్ల స్థలం కావాలి. 4.7 గిగాబైట్ల డీవీడీలలో దాన్ని నింపాలంటే దాదాపు 286 డీవీడీలు అవసరం. అదే చిత్రం నేడు చరవాణిలో ఇమిడిపోతున్నదంటే, దానికి కారణం సంపీడనమే.

2. చారిత్రక నేపథ్యం
ఈ రంగానికి పునాది వేసిన గణితప్రక్రియ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. బెంగళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావులు దీనిని 1974లో ప్రకటించారు. అంతకుముందు 1972లో ఈ ఆలోచనపై పరిశోధనకు అహ్మద్ ఆర్థికసహాయం కోరగా, అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ నిరాకరించింది. అయినా ఆ ప్రక్రియే అనంతరకాలంలో జేపెగ్ చిత్రాలకు, ఎంపెగ్ వీడియోలకు ఆధారమైంది.

1990లలో ఎంపెగ్-2 ప్రమాణం డీవీడీలకు, డిజిటల్ టెలివిజన్‌కు ప్రాతిపదికగా నిలిచింది. దానికంటె మెరుగైన ప్రమాణాన్ని రూపొందించేందుకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్యకు చెందిన వీడియో నిపుణుల బృందం, ఎంపెగ్ బృందం కలిసి 2001 డిసెంబరులో సంయుక్త వీడియో బృందంగా ఏర్పడ్డాయి. వారి కృషిఫలితం 2003 మే నెలలో ఆమోదం పొందింది. రెండు సంస్థల ఉమ్మడి సృష్టి కావడంచేత దీనికి హెచ్.264 అనీ, ఎంపెగ్-4 ఏవీసీ అనీ రెండు పేర్లున్నాయి.

3. పనితీరు
ఈ ప్రమాణం ప్రధానంగా నాలుగు దశలలో పనిచేస్తుంది.

3.1. వర్ణసమాచారాన్ని తగ్గించడం: మానవనేత్రం వెలుగునీడల భేదాన్ని గుర్తించినంత సూక్ష్మంగా రంగుల భేదాన్ని గుర్తించలేదు. కనుక సాధారణ వినియోగంలో వెలుగు విలువను ప్రతి బిందువుకూ భద్రపరచి, రంగు విలువలను నాలుగు బిందువులకు ఒకటిగా ఉంచుతారు. ఈ ఒక్క చర్యతోనే సమాచారం సగానికి తగ్గుతుంది.

3.2. అంచనా: చిత్రాన్ని 16×16 బిందువుల ఖండాలుగా విభజిస్తారు. అవసరాన్నిబట్టి వీటిని 4×4 వరకు చిన్నవి చేయవచ్చు. వార్తలు చదివే వ్యక్తి వెనుకనున్న గోడ చిత్రం నుండి చిత్రానికి మారదు. అందువల్ల దానిని మళ్లీ మళ్లీ పంపక, “ముందు చిత్రంలోని ఈ ఖండమే ఇక్కడికి వచ్చింది” అన్న సూచన మాత్రమే పంపితే చాలు. ఈ కదలికను బిందువులో నాల్గవ వంతు సూక్ష్మతతో కొలుస్తారు. మొత్తం దృశ్యం మారినప్పుడు అదే చిత్రంలోని పొరుగు ఖండాలనుండి అంచనా కడతారు.

3.3. రూపాంతరం, పరిమాణీకరణం: అంచనాకూ అసలు చిత్రానికీ మిగిలిన తేడాను కొసైన్ ప్రక్రియకు పూర్ణసంఖ్యారూపమైన గణితంతో మార్చి, ఆ విలువలను స్థూలం చేస్తారు. దీనికి 0 నుండి 51 వరకు స్థాయిలున్నాయి. ఆరు స్థాయిలు పెరిగిన ప్రతిసారీ స్థూలత రెట్టింపవుతుంది. వివరాలు శాశ్వతంగా నశించేది ముఖ్యంగా ఈ దశలోనే.

3.4. సంకేతీకరణం: తరచుగా వచ్చే విలువలకు పొట్టి సంకేతాలను, అరుదైనవాటికి పొడవైన సంకేతాలను కేటాయిస్తారు. ఈ దశలో నష్టమేమీ ఉండదు.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటుంది. ప్రమాణం నిర్దేశించేది సంకేతాల స్వరూపాన్ని, వాటిని విప్పే విధానాన్ని మాత్రమే. కుదించే విధానం తయారీదారుని నేర్పుకు వదలివేయబడింది. ఒకే ప్రమాణం, ఒకే పరిమాణం కలిగిన రెండు దస్త్రాల నాణ్యత వేర్వేరుగా ఉండడానికి ఇదే కారణం.

4. వినియోగం
ఎంపెగ్-2తో పోల్చితే దాదాపు సగం బిట్లతోనే అదే నాణ్యతను ఇవ్వగలగడం వల్ల ఈ ప్రమాణం బ్లూ-రే డిస్కులలో, డీటీహెచ్ ప్రసారాలలో, నిఘా కెమెరాలలో, చరవాణులలో, దృశ్యసంభాషణలలో, అంతర్జాల వీడియోలలో స్థిరపడింది. అనంతరం హెచ్.265 2013లోను, ఏవీ1 2018లోను, హెచ్.266 2020లోను వెలువడి మరింత కుదింపును సాధించాయి. అయినప్పటికీ పాత పరికరాలన్నీ విప్పగలిగే ప్రమాణంగా హెచ్.264 ప్రాధాన్యం తగ్గలేదు.

5. పరిమితులు: క్షేత్రపరిశోధనకు సంబంధించిన అంశాలు
కంటికి తెలియని దానిని తొలగించడమే ఈ ప్రమాణపు నీతి. వినోదానికి ఇది చాలు. పరిశోధనకు కొన్నిసార్లు చాలదు. ఉదాహరణకు, నిమ్మలకుంట వంటి గ్రామాలలో సజీవంగా ఉన్న తోలుబొమ్మల కళను తీసుకుందాం. తోలుపై చెక్కిన సన్నని రంధ్రాలు, రంగుల అంచులు, తెర వెనుక దీపకాంతిలో క్రమంగా కరిగే నీడలు దాని సొగసు. బిట్లు చాలనప్పుడు మొదట దెబ్బతినేవి ఇవే. రంగుల అంచులు అలుక్కుపోతాయి. నీడలలో మెట్లమెట్లుగా చారలు కనబడతాయి.

ఒకసారి పోయిన వివరం ఏ మార్పిడితోనూ తిరిగి రాదు. కుదించిన దస్త్రాన్ని విప్పి మరల కుదిస్తే నష్టంపై నష్టం చేరుతుంది. సందేశ అనువర్తనాల ద్వారా వీడియోను వీడియోగా పంపినప్పుడు సాధారణంగా జరిగేది ఇదే. కాబట్టి పరిశోధకులు కెమెరాలో అత్యధిక బిట్‌రేటును ఎంచుకోవాలి. కెమెరా ఇచ్చిన మూలదస్త్రాన్ని మార్చక రెండు చోట్ల భద్రపరచాలి. కూర్పునకు, పంపిణీకి నకలును మాత్రమే వాడాలి. పాత టేపులను డిజిటలీకరించేటప్పుడు ఎఫ్ఎఫ్‌వీ1 వంటి నష్టరహిత విధానాన్ని ఎంచుకోవడం మేలు. 2021లో ఆర్ఎఫ్‌సీ 9043గా దాని వివరణ బహిరంగంగా ప్రచురితమైంది.

6. ముగింపు
వీడియోను సామాన్యునికి చేరువచేసిన ఘనత హెచ్.264కు దక్కుతుంది. అయితే అది చేరవేతకు అనువైన సాధనమే గాని, భద్రతకు హామీ కాదు. వృద్ధకళాకారుని చివరి ప్రదర్శనను మరొకసారి చిత్రీకరించే అవకాశం ఉండకపోవచ్చు. అందువల్ల ఏది పంచుకోవడానికి, ఏది దాచుకోవడానికి అన్న విచక్షణ చిత్రీకరణకు ముందే పరిశోధకునికి ఉండాలి.