Reef Aquarium: ఇంట్లో పగడాల అక్వేరియం పెడుతున్నారా? లైటు కొనే ముందు ఈ లెక్క చూసుకోండి.. లేదంటే లక్షలు నీళ్లపాలే!

శ్రీశైలం హైవే మీద తుక్కుగూడ దాటి కందుకూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా విల్లాలు, ఫామ్‌హౌస్‌లే కనిపిస్తాయి. ఫ్యూచర్ సిటీ ప్రకటన తర్వాత ఈ హడావుడి ఇంకా పెరిగింది. పెద్ద ఇల్లు కట్టుకునేవాళ్లలో కొందరికి ఇప్పుడు కొత్త కోరిక పుడుతోంది. హాల్లో గోడంత గాజు ట్యాంక్, అందులో ఉప్పునీళ్లు, రంగురంగుల పగడాలు, మధ్యలో తిరిగే క్లౌన్ ఫిష్. మొబైల్‌లో వీడియో చూసినప్పుడు అదిరిపోతుంది. కానీ దగ్గరి సముద్రానికి వెళ్లాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిన చోట ఆ సముద్రాన్ని బతికించాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అదే లైటింగ్. ట్యాంక్ ఎంత లోతుంటే ఈ లెక్క అంత కష్టం.

ఇది ఇళ్లకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. శంషాబాద్ దగ్గర హిమాయత్ సాగర్ పక్కన కొత్వాల్‌గూడలో ఎకో పార్కుకు 2022 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. భారీ అక్వేరియం కూడా ఆ ప్రణాళికలో ఉంది. అక్కడ ఆక్వా మెరైన్ పార్కు వద్దంటూ 2025లో హైకోర్టులో పిల్ కూడా దాఖలైంది. సముద్ర జీవుల్ని ఇంత దూరం తెచ్చి బతికించగలమా అన్నదే అక్కడి చర్చ. ఇంట్లో ట్యాంక్ పెట్టేవాళ్లు కూడా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

పగడానికి లైటు ఎందుకంత ముఖ్యం?

పగడం రాయి కాదు, మొక్క కూడా కాదు. అదొక జంతువు. కానీ దాని కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు కోట్లలో ఉంటాయి. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారు చేసి పగడానికి పెడుతుంది. చాలా పగడాలకు కావాల్సిన శక్తిలో 90 శాతం వరకు ఇలాగే అందుతుంది. అంటే చేపకు మేత ఎంత ముఖ్యమో పగడానికి లైటు అంత ముఖ్యం. తక్కువైతే ఆకలితో నెలల తరబడి మెల్లగా చిక్కిపోతుంది. ఎక్కువైతే, దానికి వేడి కూడా తోడైతే, లోపలున్న నాచును బయటికి తోసేసి తెల్లగా పాలిపోతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు.

ఆంధ్రా తీరం పొడవునా సముద్రం ఉన్నా మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నంత పెద్ద పగడపు దిబ్బలు ఇక్కడ లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు, బురద కలిసిన సముద్రంలో వెలుతురు లోతుకు దిగదు. అదీ ఇందుకు ఒక ముఖ్య కారణమే. నదులు సముద్రంలో చేసే పనినే తప్పుడు లైటు మీ ట్యాంక్‌లో చేస్తుంది.

వాట్లు చూసి కొనొద్దు

షాపుకెళ్తే ముందు చెప్పేది వాట్లు. ‘ఇది 200 వాట్స్ సార్, పవర్‌ఫుల్’ అంటారు. పగడానికి వాట్లతో పనిలేదు. అది ఉన్న చోటికి ఎంత వెలుతురు చేరుతోందన్నదే లెక్క. దాన్ని కొలిచే పద్ధతే ‘పార్’. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే, నాచు వాడుకోగలిగే వెలుతురు ఇది. దీన్ని మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. నడి వేసవి మధ్యాహ్నం మన నెత్తిన పడే ఎండ సుమారు 2000 ఉంటుంది. పగడాలకు అంత అవసరం లేదు.

* మెత్తటి పగడాలు, మష్రూమ్ రకాలు: 50 నుంచి 150
* పెద్ద పాలిప్స్ ఉన్న రాతి పగడాలు: 75 నుంచి 200
* కొమ్మల్లా పెరిగే చిన్న పాలిప్స్ రాతి పగడాలు: 200 నుంచి 350

ఫోన్‌లో లక్స్ యాప్‌తో కొలిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. లక్స్ అనేది మనిషి కంటికి కనిపించే తీరును బట్టి కట్టిన కొలత. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువగా, నీలాన్ని తక్కువగా పట్టుకుంటుంది. రీఫ్ లైట్లలో ఎక్కువ ఉండేది నీలమే. అందుకే లైటు మసగ్గా కనిపిస్తున్నా పగడానికి బోలెడంత అందుతుండొచ్చు. నీళ్లలో ముంచి చూసే పార్ మీటర్ ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. కొనలేకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఒక్క రోజుకు తెచ్చుకున్నా చాలు.

లోతు ఎక్కడ దెబ్బ కొడుతుంది?

8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున్న ట్యాంక్ అనుకుందాం. అందులో దాదాపు 2000 లీటర్లు పడతాయి. ఒక్క నీళ్ల బరువే రెండు టన్నులు. పై అంతస్తులో పెట్టాలంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడగాల్సిందే.

ఇంత లోతులో వెలుతురు ఎందుకు తగ్గుతుంది? నీళ్లు మింగేస్తాయని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. స్వచ్ఛమైన నీళ్లు ఎరుపు వెలుతురును బాగా పీల్చుకుంటాయి, ఒక్క మీటరు లోతులోనే దాదాపు మూడో వంతు పోతుంది. కానీ నీలం మాత్రం అదే మీటరు లోతులో పెద్దగా తగ్గదు. అసలు నష్టం కాంతి పరుచుకుపోవడం వల్ల వస్తుంది. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ట్యాంక్‌లో గాజు గోడలు కొంత వెలుతురును తిరిగి లోపలికే పంపుతాయి, వరుసగా నాలుగైదు లైట్లు పెడితే ఒకదాని వెలుగు మరొకదానికి తోడవుతుంది. అందుకే తగ్గుదల అంత ఘోరంగా ఉండదు. అయినా పైన 350 ఉన్న చోటికి సూటిగా కింద, ఇసుక దగ్గర, 80 లేదా 90 కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాబట్టి లోతైన ట్యాంక్‌కు లైటు కొనేటప్పుడు లెన్స్ కోణం అడగాలి. 60 డిగ్రీల లాంటి ఇరుకు లెన్స్ వెలుతురును కిందిదాకా దింపుతుంది. 120 డిగ్రీల లెన్స్ చుట్టూ పరుస్తుంది, అది లోతు తక్కువున్న ట్యాంక్‌కు బాగుంటుంది. ఇరుకు లెన్స్‌తో ఒక చిక్కుంది. లైటుకు సరిగ్గా కింద మంట, పక్కన చీకటి. అందుకే ఒక పెద్ద లైటు కంటే నాలుగు మధ్యస్థ లైట్లు సమంగా పేర్చుకోవడం మేలు.

ఏ రకం లైటు?

మెటల్ హాలైడ్: లోతుకు బాగా దిగుతుంది, నీళ్లలో అలల మెరుపు అచ్చం సముద్రంలా ఉంటుంది. కానీ 400 వాట్లవి మూడు పెడితే 1200 వాట్లు. ట్యాంక్ మీద ఇస్త్రీ పెట్టె రోజుకు 8 గంటలు ఆన్ చేసి ఉంచినట్టే. బల్బు ఏడాదికోసారి మార్చాలి.

టీ5 ట్యూబ్‌లైట్లు: వెలుతురు సమంగా పరుచుకుంటుంది, నీడలు తక్కువ. రెండడుగుల లోతు వరకు భేష్. మూడడుగులకు ఒంటరిగా కష్టం. 9 నుంచి 12 నెలలకు ట్యూబులు మార్చాలి.

ఎల్‌ఈడీ: కరెంటు తక్కువ తింటుంది, వేడి తక్కువ. రంగు, తీవ్రత, టైమింగ్ అన్నీ ఫోన్ నుంచే మార్చుకోవచ్చు. మొదటి ఖర్చు ఎక్కువ. కందుకూరు లాంటి చోట పెద్ద ట్యాంక్‌కు ప్రస్తుతం ఇదే సరైన దారి.

కరెంటు బిల్లు, ఎండాకాలం

200 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, 10 గంటలు, సగటున 60 శాతం తీవ్రత అనుకుంటే రోజుకు 5 యూనిట్లు, నెలకు 150. అదే హాలైడ్ అయితే 8 గంటలకే రోజుకు దాదాపు 10 యూనిట్లు, నెలకు 300. యూనిట్ 9 రూపాయలు అనుకుంటే ఒకటి 1350, మరొకటి 2700 రూపాయలు. ఇది లైట్లకు మాత్రమే.

అసలు ఖర్చు చిల్లర్‌ది. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి. 30 దాటితే చాలా రకాలకు ప్రమాదమే. మే నెలలో మన దగ్గర బయట 40 దాటుతుంది. లైటుకు వెళ్లే ప్రతి వాటూ చివరికి నీళ్లలోనో గదిలోనో వేడిగా మారాల్సిందే. అందుకే వేడి ఎక్కువ చేసే లైటు కొంటే బిల్లు రెండుసార్లు కట్టినట్టు. ఒకసారి లైటుకు, ఇంకోసారి ఆ వేడిని తీసేయడానికి. పడమటి కిటికీ పక్కన ట్యాంక్ పెడితే సాయంత్రం ఎండ కూడా తోడవుతుంది.

ఇక కరెంటు పోతే? ఇన్వర్టర్ లైట్లకు ఇవ్వొద్దు, పంపుకు ఇవ్వండి. ఒక రోజు చీకటిని పగడం తట్టుకుంటుంది. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి కొన్ని గంటల్లోనే చేపలు చచ్చిపోతాయి.

చాలామంది మరిచేది.. చట్టం!

ఇది లైటింగ్ కథలో ఎందుకొచ్చిందని అనుకుంటున్నారా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్ రకాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. విదేశాల నుంచి తెచ్చామని చెప్పినా, రాతి పగడాలు సైటెస్ ఒప్పందం కిందికి వస్తాయి కాబట్టి అనుమతులు, కస్టమ్స్ కాగితాలు ఉండాల్సిందే. ‘బిల్లు లేదు సార్, పీస్ మాత్రం సూపర్’ అంటే అక్కడి నుంచి వచ్చేయండి. అనుమానం ఉంటే కొనే ముందే అటవీ శాఖను అడగండి.

ఇప్పుడు పైనున్న పార్ లెక్క మళ్లీ చూడండి. 200 నుంచి 350 కావాల్సింది ఎక్కువగా ఈ రాతి పగడాలకే. మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి రకాలతో సరిపెట్టుకుంటే అడుగున 50, మధ్యలో 100 చాలు. లైట్లు సగం తీవ్రతలో నడిస్తే సరిపోతుంది. లైటు ఖర్చు, చిల్లర్ భారం, బిల్లు అన్నీ తగ్గుతాయి. చట్టం భయమూ తగ్గుతుంది.

కొన్నాక ఇలా చేయండి

* మొదటి రోజే వంద శాతం పెట్టొద్దు. 30 లేదా 40 శాతంతో మొదలుపెట్టి, వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున పెంచండి. కొత్త లైటు వేసిన వారంలోనే పగడాలు తెల్లబడితే ఈ తొందరే కారణం అయ్యుండొచ్చు.
* రోజుకు 10 గంటలు చాలు. పూర్తి తీవ్రత 6 నుంచి 8 గంటలు, మిగతాది పొద్దుటా సాయంత్రం మెల్లగా పెరిగి తగ్గేలా పెట్టండి.
* లైటును నీళ్లకు 8 నుంచి 12 అంగుళాల పైన కట్టండి. లెన్స్ మీద ఉప్పు పొర కడుతుంది, వారానికోసారి స్విచాఫ్ చేసి తుడవండి.
* నీళ్లు పసుపు రంగుకు తిరిగితే నీలం వెలుతురు లోపలికి దిగదు. యాక్టివేటెడ్ కార్బన్ వాడితే తేటపడతాయి.
* రాళ్లను మెట్లలా పేర్చండి. వెలుతురు ఎక్కువ కావాల్సినవి పైన, తక్కువ చాలినవి కింద. లైటును అడుగుకు దింపే బదులు పగడాన్నే పైకి తేవడం చవక.

ఇంకో మాట. మూడడుగుల లోతుకు చాలామంది చెయ్యి అందదు. అడుగున పగడం పడిపోతే ఎలా తీస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. ట్యాంక్ ఇంకా ఆర్డర్ ఇవ్వకపోతే లోతు రెండడుగులకు తగ్గించి, వెడల్పు పెంచుకోవచ్చు. నీళ్లు అంతే పడతాయి, లైటు సగం కష్టంతో దిగుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో 25 అడుగుల లోతు, దాదాపు 8 లక్షల లీటర్ల పగడాల ట్యాంక్ ఉంది. అక్కడ దాన్ని చూసుకోవడానికి నిపుణుల బృందం, డైవర్లు ఉన్నారు. మన ఇంట్లో ఉండేది మనమే. అందుకే వరుస మార్చొద్దు. ముందు ఏ పగడమో తేల్చుకోండి, తర్వాత ఎంత లోతో, ఆ తర్వాతే లైటు. తిరగేసి మొదలుపెడితే పోయేది మన డబ్బొక్కటే కాదు, నోరులేని ఆ ప్రాణం కూడా.